పదిహేడో నంబరు వాచీ యజమానికి

అయ్యా,
మీ వాచీ అందింది.
పెట్టెలో పెట్టె, అందులో ఇంకో పెట్టె,
ఆఖరికి పట్టుగుడ్డ మడతల్లో
పురిటిబిడ్డలా కళ్ళు మూసుకుని ఉంది.
చీటీలో "ఆగిపోయింది" అని రాశారు.
ఒకే ఒక్క మాట. పొదుపరులు కాబోలు.

వెనక మూత విప్పాను.
లోపలి అంచున సూదిమొనతో గీసిన
రెండు పొడి అక్షరాలు: ఓ, గో.
ఓడిల్ గోలే. నేనే.
ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి చెయ్యి.
అప్పటికి నాకింకా కళ్ళజోడు రాలేదు.

ఆ ఏడు మా లోయలో
క్రిస్మస్‌కి ముందే సరస్సు గడ్డకట్టింది.
కిటికీల నడుం దాకా మంచు.
మా గురువు అర్మాన్ రోషా
వడ్లగింజంత ఉక్కుముక్క నా ముందుంచి
"అంచు ఏటవాలుగా చెక్కు" అన్నాడు.
దాని కొసన ఒక లోపలి మూల.
రెండు వాలులూ కత్తివాదరలా కలవాలక్కడ.
గుండ్రంగా తిరిగే యంత్రానికి మూల తెలీదు.
చెయ్యే వెళ్ళాలి.

ముందు ఆకురాయి, తర్వాత గరుకు కాగితం,
ఆ తర్వాత మా కొండల మీద
పసుపుగా పూసే జెన్షన్ మొక్క ఎండుకాడ.
దాని వేరుతో మావాళ్ళు సారా కాస్తారు,
కాడతో ఉక్కుకి మెరుపు పెడతారు.
ఏ మొక్క నుదుట ఏం రాసుందో!

పదకొండు రోజులు.
పన్నెండో రోజు చెయ్యి జారింది.
ఆయన ఏమీ అనలేదు.
ఇంకో ముక్క ఇచ్చాడు.

ఆ మూల మీకు కనిపించదు.
మూత తీసినా కనిపించదు,
మూడు చక్రాలు విప్పితే గాని.
"మరి ఎవరు చూస్తారు?" అని అడిగాను.
"తర్వాత బాగుచేసేవాడు" అన్నాడు ముక్కు చీదుకుంటూ.
ఇన్నాళ్ళకి ఆ వాడు వచ్చాడు.
వాడు కాదు, నేను.
మూల ఇంకా మెరుస్తూనే ఉంది.
ఎడమవైపు కొంచెం తొందరపడ్డాను అప్పట్లో.

మీ వాచీకి జబ్బేం లేదండి.
నూనె ఎండింది, అంతే.
లోపల అర్ధచంద్రంలా బంగారు బిళ్ళ ఒకటుంది చూడండి,
మణికట్టు కదిలితే అది ఊగుతుంది,
అది ఊగితే స్ప్రింగు చుట్టుకుంటుంది.
తలుపు తియ్యడం, టోపీ ఎత్తడం,
పిల్లాడి జుట్టు చెరపడం, ఇవే దాని తిండి.
కోపమొచ్చి బల్ల గుద్దినా పనికొస్తుంది
(ఇది నేను చెప్పలేదనుకోండి).
మీరు దానికి ఉక్కు గది ఇచ్చారు,
తాళం మీద తాళం ఇచ్చారు.
చెయ్యి ఇవ్వలేదు.
పట్టీ మీద ఒక్క ముడత లేదు,
ఐదు చిల్లుల్లో ఒక్కటీ సాగలేదు.

ధర నలభై రెట్లయిందట,
మా కుర్రాడు లూసియన్ ఫోనులో చూసి చెప్పాడు.
ఆ లెక్కన నా పదకొండు రోజులకి ఎంతో
నేను కట్టి చూడలేదు.
చూశాను. కాగితం చింపేశాను.

బాగయ్యాక పరీక్ష యంత్రానికి తగిలించాలి,
అది గానుగెద్దులా రాత్రంతా తిప్పుతుంది.
నియమం అది.
నేను తగిలించలేదు.
కోటు చేతి కింద కట్టుకుని
సరస్సు మీదుగా అడ్డదారిన ఇంటికి నడిచాను.
గడ్డ కింద నీళ్ళు మూలిగాయి.
ఒకచోట కాలు జారి
రెండు చేతులూ గాలిలో కొట్టుకుంటుంటే విన్నాను,
ఉన్ని కింద, చర్మం పక్కన, గిర్రుమని
ముప్పై ఒక్క ఏళ్ళ ఆకలి.

పడలేదు లెండి.
బంగాళదుంపలు చెక్కు తీశాను.
పొయ్యిలో కట్టెలు ఎగదోశాను.
చెవి కింద చెయ్యి పెట్టుకుని పడుకున్నాను.
తెల్లారేసరికి నాలుగు సెకన్లు ముందుంది.
రెండు తగ్గించాను, రెండు వదిలేశాను,
ఆ మాత్రం ఆత్రం దానికుండనీ.

బిల్లు జతచేశాను.
పట్టీ మీద మూడో చిల్లు దగ్గర
సన్నటి ముడత పడింది. అది నాది.
క్షమించండి, లేదా కోర్టుకెక్కండి.
మూత లోపల, పాత అక్షరాల పక్కన
ఈ ఏటి తేదీ గీశాను.
దాని పక్కన ఇంకా చోటుంది.